మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు: ఐసీయూలో సెలైన్ ఎంత ఎక్కించాలి, ఎప్పుడు ఆపాలి?

సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒంట్లో అవయవాలు దెబ్బతినే స్థితి) గురించి రాసినప్పటి నుంచి వస్తున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం సెలైన్ చుట్టూనే తిరుగుతున్నాయి. ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి లోపల జరిగేవాటిలో కంటికి కనిపించేది ఆ బాటిళ్లే, మెడికల్ షాపు నుంచి మోసుకొచ్చేదీ ఆ బాటిళ్లే. అందుకే అనుమానాలన్నీ వాటి మీదకే పోతాయి. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి రెండు ముక్కల్లో రాస్తున్నాను. ఇది చదివి డ్రిప్ వేగం పెంచమనో తగ్గించమనో సిస్టర్‌తో గొడవ పెట్టుకోకండి, అడగాల్సింది డాక్టర్‌ని.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, బరువు 60 కిలోలు. యూరిన్ ఇన్‌ఫెక్షన్ ముదిరి సెప్సిస్ అయిందని ఐసీయూలో చేర్చాం. మొదటి రోజు బీపీ పడిపోయిందని బాటిల్ మీద బాటిల్ ఎక్కించారు. ఇవాళ ఐదో రోజు. చేతులు, కాళ్లు, మొహం వాచిపోయి గుర్తుపట్టలేకుండా ఉన్నారు. ఇప్పుడేమో ఒంట్లో నీరు ఎక్కువైందని లాసిక్స్ ఇచ్చి తీస్తున్నారు. తీసేయాల్సిందే అయితే అంత ఎందుకు ఎక్కించినట్టు? మొదట్లోనే తప్పు జరిగిందా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మొదటి రోజు ఎక్కించడం, ఐదో రోజు తీయడం రెండూ సరైనవే అయ్యుండొచ్చు. ఒకే మనిషి, ఒకే జబ్బు, కానీ ఈ రెండు రోజుల మధ్య ఒంటి అవసరం పూర్తిగా తిరగబడుతుంది.

మీ నాన్నగారి బరువున్న మనిషి రక్తంలో నీటి భాగం, అంటే ప్లాస్మా, దాదాపు రెండున్నర లీటర్లు ఉంటుంది. సెప్సిస్‌లో రక్తనాళాలు వదులైపోతాయి, పైగా వాటి లోపలి పొర దెబ్బతిని, కొత్త మట్టికుండకి చెమ్మ పట్టినట్టు నీరు బయటికి ఊరుతుంది. దాంతో బీపీ పడిపోయి కిడ్నీలకీ మెదడుకీ రక్తం చాలదు. ఆ మొదటి గంటల్లో సెలైన్ నిజంగానే ప్రాణం నిలబెట్టే మందు. అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు చెప్పే లెక్క కిలోకి 30 మిల్లీలీటర్లు, మొదటి మూడు గంటల్లో. మీ నాన్నగారికి అది 1800 మిల్లీలీటర్లు, అంటే అర లీటరు బాటిళ్లు మూడున్నర పైనే. మీరు చూసిన 'బాటిల్ మీద బాటిల్' చాలావరకు అదే అయ్యుంటుంది. 2016లో ఇదే లెక్కని గట్టి సిఫారసుగా రాశారు, 2021 వచ్చేసరికి 'ఇవ్వొచ్చని మా సూచన' అనే స్థాయికి తగ్గించారు. ఆ మార్పు వెనక పెద్ద కథే ఉంది.

2001లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో, సెప్సిస్ వచ్చినవాళ్లకి మొదటి ఆరు గంటల్లోనే లెక్క ప్రకారం గట్టిగా సెలైన్, మందులు, రక్తం ఇచ్చి చూశారు. 263 మంది మీద చేసిన ఆ పరిశోధనలో మరణాలు 46.5 శాతం నుంచి 30.5 శాతానికి తగ్గాయి. ఇక ప్రపంచమంతా అదే బాట పట్టింది, మేమూ పట్టాం. 2014, 2015ల్లో అమెరికాలో, ఆస్ట్రేలియా–న్యూజిలాండ్‌లో, బ్రిటన్‌లో అదే పద్ధతిని మళ్లీ పరీక్షిస్తే మామూలు చికిత్స కంటే అదనపు లాభం కనిపించలేదు. ఈలోగా 2011లో ఇంకా పెద్ద షాక్ తగిలింది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ పడిపోయిన (వైద్యంలో 'షాక్' అంటాం) లక్షణాలతో వచ్చిన మూడు వేల మందికి పైగా పిల్లల్ని తీసుకుని కొందరికి వేగంగా సెలైన్ గానీ అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) గానీ ఎక్కించారు, కొందరికి అలా ఎక్కించలేదు. 48 గంటల్లో చనిపోయినవాళ్లు ఎక్కించిన గుంపుల్లో నూటికి పది మందికి పైగా, ఎక్కించని గుంపులో ఏడుగురు. ఇలా వస్తుందని ఎవరూ ఊహించలేదు. అక్కడ వెంటిలేటర్లూ ఐసీయూలూ లేవు, పిల్లల్లో చాలామందికి మలేరియా, రక్తహీనత ఉన్నాయి కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు మన ఐసీయూలకి అన్వయించలేం. కానీ సెలైన్‌తో ఏ హానీ లేదనే నమ్మకం మాత్రం ఆ రోజుతో పోయింది.

ఇప్పుడు వాపు సంగతి. ఎక్కించిన సెలైన్ అంతా రక్తనాళాల్లోనే ఉండిపోదు. గంటా రెండు గంటలు గడిచేసరికి మామూలు మనిషిలోనే మూడో వంతో నాలుగో వంతో మిగులుతుంది, సెప్సిస్‌లో ఇంకా తక్కువ. మిగతాదంతా చర్మం కింద, కండరాల్లో, ఊపిరితిత్తుల్లో, పేగుల గోడల్లో చేరుతుంది. దాంతోపాటు ఉప్పు కూడా. లీటరు నార్మల్ సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్న మనిషిని రోజుకి 5 గ్రాముల లోపే తినమంటోంది, మరి మూడు లీటర్లు ఎక్కితే ఎంతయిందో మీరే లెక్కేసుకోండి. ఆ ఉప్పుని బయటికి పంపడానికి జబ్బుపడ్డ కిడ్నీలకి రోజులు పడుతుంది, ఉప్పు ఉన్నన్నాళ్లూ నీరూ ఉంటుంది.

మొహం వాపు చూసి ఇంట్లోవాళ్లు హడలిపోతారు గానీ మేము భయపడేది లోపలి వాపుకి. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతుంది. కిడ్నీకి చుట్టూ గట్టి పొర ఉంటుంది, సాగదు. లోపల వాచిన కొద్దీ ఒత్తిడి పెరిగి యూరిన్ ఇంకా తగ్గుతుంది. అప్పుడు ఎవరో ఒకరు 'యూరిన్ రావట్లేదు, ఇంకో బాటిల్ పెట్టండి' అంటారు. ఆ బాటిల్‌తో కిడ్నీ ఇంకాస్త వాస్తుంది. నా దృష్టిలో ఐసీయూల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఇంకోటి ఎవరి కంటా పడదు. యాంటీబయాటిక్‌ని 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి రోజుకి మూడు నాలుగు సార్లు ఇస్తారు, గ్యాస్ ఇంజెక్షన్, నొప్పి మందు, నిద్రమందు, పొటాషియం, లైన్ మూసుకుపోకుండా వెళ్లే చుక్కలు, ముక్కు గొట్టంలో పాలు, ఇవన్నీ కలిస్తే ఎవరూ 'సెలైన్ పెట్టండి' అని రాయకపోయినా రోజుకి లీటరు, లీటరున్నర లోపలికి పోతుంది. అందుకే మంచి ఐసీయూలో మందుల్ని వీలైనంత తక్కువ నీటిలో కలుపుతారు, మింగగలిగిన మందుని ఇంజెక్షన్‌గా ఇవ్వరు.

బీపీ నిలబెట్టే మందు మోతాదు తగ్గుతూ, రక్తంలో లాక్టేట్ దిగుతూ, మనిషి స్థిరపడుతుంటే అప్పుడు నీరు తీసే దశ మొదలవుతుంది. లాక్టేట్ అంటే కణాలకి ఆక్సిజన్ చాలనప్పుడు, ఒళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నప్పుడు రక్తంలో పెరిగేది. మీ నాన్నగారికి లాసిక్స్ మొదలుపెట్టారంటే గండం నుంచి కాస్త బయటపడుతున్నారని అనుకోవడానికి వీలుంది. లాసిక్స్‌తో యూరిన్ రాకపోతే డయాలసిస్ మాట ఎత్తుతారు, టెన్షన్ పడకండి. నీరు, పొటాషియం, ఆమ్లం అదుపు తప్పినప్పుడు డయాలసిస్ తప్పదు, కానీ అవి లేకుండా తొందరపడి ముందే మొదలుపెడితే ప్రాణాలు ఎక్కువగా నిలుస్తాయని రుజువు లేదు. 2020లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ పరిశోధన కూడా అదే తేల్చింది.

తప్పు ఎక్కడ జరిగి ఉండొచ్చో కూడా చెప్తాను, మీరు అడిగారు కాబట్టి. రెండో రోజుకే బీపీ నిలబడి, మూడో రోజు కూడా కారణం లేకుండా గంటకి 100 మిల్లీలీటర్లు అలా నడుస్తూనే ఉంటే అది అడగాల్సిన విషయమే. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు 'నిన్నటికి బ్యాలెన్స్ ఎంత ఉంది సార్, చేరిన రోజు నుంచి మొత్తం ఎంత ప్లస్‌లో ఉన్నారు, ఇవాళ నెగటివ్ చేయాలనుకుంటున్నారా' అని అడగండి. లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది రాసే చార్ట్ ప్రతి బెడ్ దగ్గరా ఉంటుంది, ఆ మూడు ప్రశ్నలకీ జవాబు అందులోనే దొరుకుతుంది.

ప్రశ్న: మా అన్నయ్యకి న్యుమోనియా, బీపీ 80 దగ్గర ఉంది. సెలైన్ ఆపేసి మెడలో గొట్టం పెట్టి నోరాడ్రినలిన్ అనే మందు పంపులో పెట్టారు. ఒంట్లో నీళ్లు లేకే కదా బీపీ తగ్గేది? నీళ్లు ఇవ్వకుండా మందుతో ఎలా లాక్కొస్తారు? ఇంటర్నెట్‌లో చూస్తే ఆ మందుతో వేళ్లు నల్లబడతాయని ఉంది.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, నీళ్లు లేకపోవడం అనేది బీపీ తగ్గడానికి ఒక కారణం మాత్రమే. విరేచనాలయినా, రక్తం పోయినా అదే కారణం, అక్కడ నీళ్లూ రక్తమే వైద్యం. ఇన్‌ఫెక్షన్‌లో నాళాలు వదులైపోవడం ఎక్కువ, వాటిని బిగించేది నోరాడ్రినలిన్. గుండె బలహీనపడి బీపీ తగ్గితే అక్కడ సెలైన్ నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఇంకో బాటిల్ పనికొస్తుందా లేదా అని తేల్చుకోవడానికి ఇప్పుడు పద్ధతులున్నాయి. పడుకోబెట్టిన మనిషి కాళ్లని 45 డిగ్రీలు పైకి లేపితే కాళ్లలో ఉన్న దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తం గుండెకి వస్తుంది. ఒక్క చుక్క ఎక్కించకుండానే సెలైన్ ఇచ్చినట్టు లెక్క. అప్పుడు గుండె పంపు చేసే రక్తం నూటికి పది వంతులైనా పెరిగితే బాటిల్ పనికొస్తుంది, లేకపోతే రాదు, కాళ్లు దించేస్తే ఎక్కించింది వెనక్కి వెళ్లిపోయినట్టే. చూడాల్సింది బీపీ అంకెని కాదు, గుండె పంపింగ్‌ని, అందుకే ఎకో మిషన్ బెడ్ దగ్గరికి తెస్తారు. ఐసీయూలో బీపీ తగ్గినవాళ్లలో సుమారు సగం మందికే సెలైన్‌తో గుండె పంపింగ్ పెరుగుతుందని చాలా పరిశీలనల్లో తేలింది. మిగతా సగానికి మిగిలేది వాపే.

మెడ గొట్టంలో ఒత్తిడి కొలిచి 'సీవీపీ తక్కువుంది, నీళ్లు పెట్టండి' అనే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఆ ఒక్క అంకెతో నీళ్లు పనికొస్తాయో లేదో చెప్పలేమని తేలిపోయి చాలా ఏళ్లయింది. దానికంటే వేలి చివర గట్టిగా పది సెకన్లు నొక్కి వదిలితే రంగు మూడు సెకన్లలో తిరిగి వస్తుందా లేదా అని చూడటం మేలు. లాటిన్ అమెరికాలో 28 ఐసీయూల్లో ఈ వేలి పరీక్షనే ఆధారం చేసుకుని చికిత్స చేసి చూశారు. లాక్టేట్ చూసి చేసిన చికిత్సకి ఇది ఏ మాత్రం తీసిపోలేదు. పైసా ఖర్చు లేని పరీక్ష, కరెంటు పోయినా చేయొచ్చు.

సెలైన్ తగ్గించి మందు ముందే మొదలుపెట్టడం వల్ల నష్టమా అంటే, రెండు పెద్ద పరిశోధనలున్నాయి. ఒకటి యూరప్‌లో 2022లో, 1554 మంది. రెండోది అమెరికాలో 2023లో, 1563 మంది. సెలైన్ తక్కువ ఇచ్చినవాళ్లకీ ఎక్కువ ఇచ్చినవాళ్లకీ మరణాల్లో తేడా రాలేదు. అంటే మీ డాక్టర్ ఎంచుకున్న దారి కొత్తదీ కాదు, ప్రమాదకరమైనదీ కాదు.

వేళ్లు నల్లబడటం నిజమే, మోతాదు బాగా పెంచాల్సి వచ్చిన కొందరిలో అవుతుంది, జబ్బు తీవ్రత కూడా దానికి కారణమే. బీపీ లేకుండా గంటలు గడిచిపోతే పోయేది వేళ్లు కాదు, కిడ్నీలూ మెదడూ.

ప్రశ్న: మా బావమరిదికి డెంగీ. ఐదో రోజు జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం. సరిగ్గా అప్పుడే ఐసీయూకి మార్చారు. ప్లేట్‌లెట్స్ 28 వేలున్నా ఎక్కించట్లేదు, పీసీవీ అనే టెస్ట్ మాత్రం ఆరు గంటలకోసారి చేస్తున్నారు. మాకేమీ అర్థం కావట్లేదు.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీకు దొరికింది మంచి డాక్టర్. డెంగీలో ప్రమాదం మొదలయ్యేదే జ్వరం తగ్గేటప్పుడు, మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. 24 నుంచి 48 గంటల పాటు ప్లాస్మా నాళాల్లోంచి బయటికి కారి పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నీరు పోయి కణాలు మిగులుతాయి కాబట్టి రక్తం చిక్కబడుతుంది, పీసీవీ చెప్పేది అదే. మామూలుగా ఉండేదానికంటే 20 శాతం పెరిగిందంటే లీక్ గట్టిగా ఉన్నట్టు. అప్పుడు సెలైన్ కిలోకి గంటకి 5 నుంచి 7 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, పీసీవీ దిగి యూరిన్ బాగా వస్తుంటే 3–5కి, తర్వాత 2–3కి తగ్గిస్తూ పోతారు. కావాల్సినంతే, ఒక్క చుక్క ఎక్కువ కాదు. పీసీవీ ఉన్నట్టుండి పడిపోయి మనిషి ఇంకా నీరసిస్తుంటే లోపల ఎక్కడో రక్తం పోతోందేమో చూడాలి, అప్పుడు కావాల్సింది సెలైన్ కాదు, రక్తం.

ఈ లీక్ ఆగాక బయట ఉన్న నీరంతా తిరిగి నాళాల్లోకి వచ్చేస్తుంది. సరిగ్గా ఈ దశలో, 'నీరసంగా ఉన్నాడు, ఇంకో రెండు బాటిళ్లు పెట్టండి' అని చుట్టాలు పట్టుబట్టి పెట్టిస్తే, కోలుకుంటున్న మనిషికి రాత్రికి రాత్రి ఆయాసం వస్తుంది. డెంగీని తట్టుకుని, సెలైన్ ఎక్కువై వెంటిలేటర్ దాకా వెళ్లేవాళ్లుంటారు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం.

ప్లేట్‌లెట్స్ అంకె కోసం మన దగ్గర జరిగే హడావుడి అంతా ఇంతా కాదు, వాట్సాప్‌లో దాతల కోసం మెసేజ్‌లు, అర్ధరాత్రి బ్లడ్ బ్యాంకుల చుట్టూ పరుగులు. సింగపూర్, మలేషియాల్లో ప్లేట్‌లెట్స్ 20 వేలకి పడిపోయిన 372 మంది పెద్దవాళ్ల మీద చేసి 2017లో వెలువడిన పరిశోధనలో, రక్తస్రావం లేనివాళ్లకి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్స్ ఎక్కించడం వల్ల రక్తస్రావం తగ్గలేదు, పైగా ఎలర్జీలాంటి ఇబ్బందులు పెరిగాయి. 28 వేలుండి ఎక్కడా రక్తం కారకపోతే ఎక్కించకపోవడమే సరి. అన్నట్టు, వాంతులవుతున్న మనిషికి బొప్పాయి ఆకు రసం పట్టించకండి.

ప్రశ్న: కాస్త నీరసం వస్తే మా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికెళ్లి గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకుంటాం, లేచి తిరుగుతాం. మా అమ్మకి పక్షవాతం వచ్చి పెద్దాసుపత్రిలో చేరిస్తే ఒక్క గ్లూకోజ్ కూడా పెట్టలేదు. బలం ఎలా వస్తుంది?
— ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: అర లీటరు గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల పంచదార, 100 కేలరీలకి మించదు. ఒక అరటిపండు తిన్నా అంతే వస్తుంది. మీరు లేచి తిరగడానికి కారణం రెండు గంటలు ఫ్యాన్ కింద పడుకోవడం. పక్షవాతంలో గ్లూకోజ్ నీళ్లు హాని కూడా చేస్తాయి. పంచదారని కణాలు వాడేసుకున్నాక మిగిలేది వట్టి నీరు, అది సోడియంని పలచబరిచి మెదడు వాపుని పెంచుతుంది. షుగర్ పడిపోతే తప్ప మెదడు జబ్బుల్లో దాన్ని పెట్టరు. మీ అమ్మగారికి బలం ముక్కు గొట్టంలోంచి వెళ్లే ఆహారంతో వస్తుంది, అది మొదలుపెట్టారో లేదో కనుక్కోండి. రోజూ తాగే అలవాటున్నవాళ్లకి గ్లూకోజ్ పెట్టాల్సి వస్తే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ఇవ్వాలి, ఈ మాట మీ ఆర్ఎంపీకి కూడా చెప్పండి.

వాంతులు, విరేచనాలైతే నోటితో తాగగలిగినవాళ్లకి ఓఆర్ఎస్ చాలు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ బాటిళ్లు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లని డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. కలరాలో మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. 2023లో ఆయనకి మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

ప్రశ్న: నేను నర్సింగ్ మూడో సంవత్సరం. ఒక డాక్టర్ ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) అంటారు, ఇంకొకరు ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్) తప్ప వాడరు. కిడ్నీ పేషెంట్‌కి ఆర్ఎల్‌లో పొటాషియం ఉంది వద్దంటారు, సెప్సిస్‌లో లాక్టేట్ పెరుగుతుందంటారు. ఏది నిజం సార్?
— ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఈ వాదన చాలా పాతది తల్లీ. 1832లో స్కాట్లాండ్‌లో కలరా ప్రబలినప్పుడు థామస్ లాటా అనే డాక్టర్ మొట్టమొదట ఉప్పునీటిని నరంలోకి ఎక్కించి, చావుబతుకుల్లో ఉన్నవాళ్లు కళ్లు తెరవడం చూశాడు. కలరాలో రక్తం నీటినీ ఉప్పునీ పోగొట్టుకుంటుందని అంతకుముందే పరీక్షించి చెప్పినవాడు ఓషానసీ అనే ఐరిష్ యువకుడు. ఆయన తర్వాత కలకత్తా మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పి, మన దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు.

అసలు సంగతికొస్తే, ఎన్ఎస్‌లో క్లోరైడ్ 154, మన రక్తంలో 100 దగ్గర. లీటర్ల కొద్దీ ఎక్కిస్తే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఆర్ఎల్‌లో క్లోరైడ్ 109, పొటాషియం 4. పొటాషియం 6 ఉన్న రక్తంలో 4 ఉన్న ద్రవం కలిస్తే అంకె పైకి ఎలా పోతుంది? ఎన్ఎస్ వల్ల పెరిగే ఆమ్లమే పొటాషియాన్ని కణాల్లోంచి బయటికి నెడుతుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఎన్ఎస్ బదులు సమతుల ద్రవం (ఆర్ఎల్‌లా లవణాలు రక్తానికి దగ్గరగా ఉండేది) ఇస్తే కొత్త కిడ్నీ పని మొదలుపెట్టడం ఆలస్యమయ్యే కేసులు 40 నుంచి 30 శాతానికి తగ్గాయి, ఇది 2023లో ఆస్ట్రేలియా–న్యూజిలాండ్ పరిశోధన. ఇక ఆర్ఎల్‌లోది సోడియం లాక్టేట్. లివర్ దాన్ని బైకార్బనేట్‌గా మారుస్తుంది, ఆమ్లం పెంచదు.

ఐసీయూ పేషెంట్లందరినీ కలిపి చూస్తే తేడా చిన్నదే. 2018లో అమెరికాలో దాదాపు 16 వేల మందిలో ఆర్ఎల్ లాంటి ద్రవాల వైపు కొంచెం మొగ్గు కనిపించింది, 2021లో బ్రెజిల్‌లో, 2022లో ఆస్ట్రేలియా–న్యూజిలాండ్‌లో కనిపించలేదు. నేనైతే సెప్సిస్‌లో ఆర్ఎల్ వాడతాను. తలకి దెబ్బ తగిలితే ఎన్ఎస్సే, వాంతులతో క్లోరైడ్ పోగొట్టుకున్నవాళ్లకీ ఎన్ఎస్సే. నీ చేతిలో ఉన్న పని ఇంకోటుంది: రక్తం ఎక్కే లైన్‌లో ఆర్ఎల్ కలపకు, అందులోని కాల్షియంతో గడ్డలు కట్టే అవకాశముంది. పసిబిడ్డకి సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌తో కూడా వద్దు. చార్ట్‌లో మందులు కలిపిన నీటిని కూడా రాయి, చాలామంది రాయరు.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ హైదరాబాద్‌లో ఐసీయూలో ఉంది. అల్బుమిన్ 2.1 ఉందని రోజుకి రెండు అల్బుమిన్ బాటిళ్లు తెమ్మంటున్నారట. ఒక్కోటి వేలల్లో ఉంది. డబ్బు గురించి కాదు, అవసరమా అని.
— ఒక పాఠకుడు

జవాబు: ఎందుకు ఇస్తున్నారన్నదాన్ని బట్టి. లివర్ పాడై పొట్టలోంచి ఐదు లీటర్లకి పైగా నీరు తీసినప్పుడు, లేదా ఆ నీటికి ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు అల్బుమిన్ తప్పకుండా ఇవ్వాలి, అక్కడ ఖర్చుకి వెనకాడకూడదు. సెప్సిస్‌లో సెలైన్ చాలా ఎక్కించాక కూడా బీపీ నిలవకపోతే కొందరం వాడతాం. కేవలం రిపోర్టులో 2.1 ఉంది, దాన్ని 3 చేద్దాం అని ఇస్తుంటే మాత్రం లాభం లేదు. జబ్బు ముదిరినప్పుడు అల్బుమిన్ తగ్గుతుంది, జబ్బు తగ్గితే అదే పెరుగుతుంది. 2014లో ఇటలీలో 1800 మందికి పైగా సెప్సిస్ పేషెంట్లలో అల్బుమిన్‌ని 3 దగ్గర నిలబెట్టి చూశారు, మరణాలు తగ్గలేదు. అంతకుముందు 2004లో ఆస్ట్రేలియా–న్యూజిలాండ్‌లో దాదాపు ఏడు వేల మందిలో సెలైన్‌తో పోల్చినా తేడా రాలేదు, తలకి దెబ్బ తగిలినవాళ్లలో అయితే అల్బుమిన్ వల్ల మరణాలు పెరిగాయి.

ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడినప్పుడు 'ఏ కారణానికి, ఎన్ని రోజులు' అని మాత్రం అడగండి. అక్కడి నుంచి గూగుల్ చూసి వాదించడం మొదలుపెడితే, అమ్మ దగ్గరున్న మీ తమ్ముడికో చెల్లికో రేపు రౌండ్స్‌లో ఇబ్బంది. పిండి పదార్థంతో చేసిన 'స్టార్చ్' బాటిళ్లు రాస్తే మాత్రం ధైర్యంగా వద్దనొచ్చు. 2012లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనల్లో వాటి వల్ల డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లు పెరిగారు.

ప్రశ్న: మా ఆయనకి తాగుడు వల్ల పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు). ఈ జబ్బుకి ఎంత సెలైన్ పెడితే అంత మంచిదని ఒకరు, వద్దని ఒకరు.
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: 'ఎంత పెడితే అంత మంచిది' అన్నది నిన్నటిదాకా పుస్తకాల్లోనూ ఉన్న మాటే. 2022లో స్పెయిన్, ఇటలీ, మెక్సికోలతో పాటు మన దేశంలోని ఆసుపత్రులు కూడా కలిసి చేసిన పరిశోధనలో, ఎక్కువ ఎక్కించినవాళ్లలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు మితిమీరింది, మోస్తరుగా ఎక్కించినవాళ్లలో 6.3 శాతం మందికే. జబ్బు ముదరడంలో తేడా లేదు. దాంతో పరిశోధనని మధ్యలోనే ఆపేశారు. అవసరాన్ని చూసి ఆర్ఎల్ మోస్తరుగా ఇవ్వడమే ఇప్పటి పద్ధతి.

ప్రశ్న: మా పెద్దమ్మకి గుండె, కిడ్నీ రెండూ బాగాలేవు. వెంటిలేటర్ తీసి రెండు రోజులైంది. నీళ్లు, నీళ్లు అని ఏడుస్తోంది, సిస్టర్లు ఇవ్వనివ్వరు. కొబ్బరి నీళ్లయినా పోద్దామంటే వద్దన్నారు. ఇంత కర్కశంగా ఉంటారా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: దాహం ఐసీయూలో పేషెంట్లు పడే పెద్ద బాధల్లో ఒకటి, దాన్ని మావాళ్లు తేలిగ్గా తీసుకుంటారన్న మాట నిజమే. కానీ గొంతులో గొట్టం ఉండి తీశాక కొన్నాళ్లు మింగడం సరిగ్గా రాదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ న్యుమోనియా, మళ్లీ గొట్టం. చిక్కటివాటికంటే నీళ్లు ఇంకా సులువుగా దారి తప్పుతాయి. మింగగలదో లేదో పరీక్ష చేశారా అని అడగండి, చేయకపోతే ఇవాళే చేయమనండి. అందులో పాసయ్యాక డాక్టర్ రోజుకి ఇన్ని మిల్లీలీటర్లని చెప్తారు, దాన్ని చిన్న గ్లాసుల్లో పొద్దుట్నుంచి రాత్రిదాకా పంచుకోవచ్చు.

కొబ్బరి నీళ్లు మాత్రం వద్దు. గ్లాసుకి 500 మిల్లీగ్రాముల పైనే పొటాషియం ఉంటుంది, పనిచేయని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, పెరిగితే గుండె కొట్టుకునే తీరే మారిపోతుంది. పళ్లరసాలు కూడా అంతే. ఈలోపు చల్లటి నీళ్లలో ముంచి పిండిన గాజుగుడ్డతో నోరు, నాలుక తుడవచ్చు, పెదాలకి వాసెలిన్ రాయొచ్చు, ఆక్సిజన్ మాస్క్ వల్ల నోరు ఆరిపోతుంటే తేమ పెట్టే బాటిల్‌లో నీళ్లున్నాయో లేదో చూడమనొచ్చు. విజిటింగ్ టైమ్‌లో ఈ పని మీరే చేస్తామని సిస్టర్‌ని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.